ఆటోస్టాండులో రోశమ్మ వంతు

గిద్దలూరు స్టాండులో రాచర్ల ఆటోలకు ఒక వరస ఉంది. ముందొచ్చిన బండి ముందు కదలాలి. ఆ వరసలో నిలబడాలంటే సంఘంలో సభ్యత్వం ఉండాలి. రోశమ్మకు కావలసింది అదొక్కటే. లైసెన్సు ఉంది, బండి ఉంది, రాచర్ల రోడ్డులో ప్రతి గుంతతోనూ చుట్టరికం ఉంది. మొగుడు గిద్యోను బెంగుళూరుకు తాపీపనికి పోయాక ఇల్లు గడిచేది ఆ ఆటోతోనే. సభ్యత్వం లేని పాపానికి ఆమె వీధి చివర నిలబడి, వరసలో వాళ్లు వాసనొస్తుందని ఎక్కించుకోని మస్తానయ్య మేకలను మోసేది.

సంఘం అధ్యక్షుడు రామసుబ్బయ్య మంచివాడే. మొహం మీద కాదనలేక కారణాలు చెప్పేవాడు. ఆడవాళ్లు ఎండకు తాళలేరన్నాడు. కందిచేలో కలుపు ఎవరు తీస్తున్నారనుకున్నాడో మహానుభావుడు!

రోశమ్మకు ఒళ్లు మండి మార్కాపురంలో లాయరును కలిసింది. "ఆడమనిషివని సంఘంలోకి రానివ్వకపోవడం తప్పేనమ్మా. కేసు నిలుస్తుంది, కాకపోతే ఏళ్లు పడుతుంది" అన్నాడాయన.

ఆమె తిరిగి గిద్దలూరు చేరేలోపే ఆ కబురు స్టాండుకు చేరింది. రామసుబ్బయ్య హడావుడిగా మీటింగు పెట్టి కొత్త రూలు చేశాడు. ఆడా మగా తేడా లేదు, బండి ఎవరి పేరున ఉంటే వాళ్లే సభ్యులు! రోశమ్మ బండి గిద్యోను పేరున ఉంటుందని ఆయన ధీమా. అందరూ చేతులెత్తి, టీ తాగి వెళ్లారు.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటే ఇదే. రోశమ్మ బండి డ్వాక్రా లోనులో ఆమె పేరునే వచ్చింది. స్టాండులో సగానికి పైగా బండ్లు అట్లాగే పెళ్లాల పేరున వచ్చినవే. అధ్యక్షుడి బండీ అంతే, దాని అద్దం మీదైతే పెళ్లాం పేరు "గురమ్మ" అని ఎర్ర రంగుతో రాసి ఉంది. ఆ అద్దాన్ని ఆయన రోజూ తుడుస్తాడు కూడా.

రోశమ్మ నేరుగా గురమ్మ ఇంటికే పోయింది. "వదినా, మనమంతా సంఘం సభ్యులమైనాం. అన్నే చేసినాడు" అంది.

తర్వాతి మీటింగుకు ఆడవాళ్లంతా ముందే వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు.

"ఏందే ఇది? ఇంటికాడ పనుల్లేవా?" అన్నాడు రామసుబ్బయ్య.

"నీ రూలే గదయ్యా! బండి నాది, ఓటు నాది" అంది గురమ్మ. "రోశమ్మ బండిని వరసలో నిలపాలనేటోళ్లు చేతులెత్తండి. నువ్వు దించయ్యా, నీకు ఓటు లేదు."

మర్నాడు పొద్దున రోశమ్మ బండి వరసలో నిలిచింది. "రాచర్ల, రాచర్ల! రోశమ్మ బండెక్కండి, ఆమెది వంతు!" అని రామసుబ్బయ్యే కేకేశాడు. ఆ మాట వినగానే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే మస్తానయ్య అలవాటుగా మేకను లాక్కుంటూ వచ్చాడు.

"నా బండి నిండింది, పెదనాయనా" అంది రోశమ్మ. "ఎనక రామసుబ్బన్నది ఉంది, ఎక్కించు."