గ్రంథంలో లేని మాట

ప్రతి ఉదయం మా సంఘం వాట్సాప్ గ్రూపులో గులాబీపువ్వుల బొమ్మ మీద బంగారు రంగు అక్షరాలతో ఒక బైబిలు వాగ్దానం వస్తుంది, నా ఈడు వాళ్లకు ఇలాంటివి అలవాటే. మొన్న వచ్చిన దాన్ని చదువుతుంటే ఎందుకో అనుమానం కలిగి, కళ్లద్దాలు పెట్టుకుని గ్రంథం తీసి చూశాను. కింద వేసిన అధ్యాయంలో ఆ మాట లేదు, ముందు వెనుక అధ్యాయాల్లోనూ లేదు. నేను వెతికి లేచేసరికి ముప్ఫై మంది దాకా ఆమేన్ అని పెట్టేశారు. నాకు కోపమూ రాలేదు, నవ్వూ రాలేదు, ఫోను బల్ల మీద పెట్టేశాను. అటువంటి మాటే ఒకటి, ఒకప్పుడు నేను రాశాను.

అప్పుడు మేము గార్లలో ఉండేవాళ్లం. నాయిన రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్, మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. నేను మానుకోటలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని కానీ, అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి, తెరిచి, మళ్లీ మూతపడి, ఆ ఏడు నా చదువు అట్లాగే పోయింది. రైళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియక నాయిన పొద్దస్తమానం లైను మీదే ఉండేవాడు, నేను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా చేతికి దొరికిన ప్రతి కాగితం చదువుతూ, ఒక పాత లెక్కల నోటుబుక్కులో డైరీ రాసుకుంటూ ఉండేదాన్ని. అవ్వకు అక్షరం రాదు. కూడు వండడం అయ్యాక పొయ్యి పక్కనే కూర్చుని నాచేత గ్రంథం చదివించుకోవడం, నాకు చదవడం వచ్చిన నాటి నుంచీ ఆమెకు అలవాటు. నేను గబగబా చదివితే ఒప్పుకునేది కాదు, ప్రతి మాటా ఆమె చెవిలో పడి నిలవాలి.

మా గుడిసెల మధ్య ఉన్న చిన్న ప్రార్థన మందిరానికి ఒక ముసలి ఉపదేశి ఉండేవాడు, మేమందరం తాత అనేవాళ్లం. కొత్త సంవత్సరం నాటి ఉదయం ఆరాధన అయ్యాక, పళ్లెంలో వాగ్దాన చీటీలు బోర్లించి పెడితే, ఇంటికొకరు వచ్చి ఒకటి తీసుకోవాలి, అది ఆయన పెట్టిన ఆచారం. ఆ చీటీలో ఏ వాక్యం వస్తే ఏడాదంతా ఆ ఇంటికి దేవుడు చెప్పిన మాట అదే. నా చేతిరాత బాగుంటుందని ఆ ఏడు చీటీలు రాసే పని నాకు ఇచ్చాడు. పాత పెళ్లికార్డులు పోగుచేసి, తెల్లగా ఉన్న వైపు సమంగా కత్తిరించి, ఆయన చెప్పిన వాక్యాలన్నీ గ్రంథంలో చూసి, కింద అధ్యాయం వేసి రాశాను.

అంతకు ముందు ఏడు అవ్వకు కష్టాల గురించీ కన్నీళ్ల గురించీ ఉన్న వాక్యం వచ్చింది. ఇంటిదాకా ఏడుస్తూ నడిచింది, ఆ ఏడంతా ఏ చిన్న నొప్పి వచ్చినా, చెప్పనే చెప్పిండు గద దేవుడు, అనేది. అందుకే నేను ఆఖరు చీటీ మీద, నా డైరీలో మూడుసార్లు కొట్టివేసి నాలుగోసారి కుదిరిన మాట రాశాను. "నీ యింటనే నీవు స్వస్థపడుదువు." కింద అధ్యాయం వేద్దామంటే మాత్రం చెయ్యి రాలేదు, ఖాళీగా వదిలేశాను. అవ్వ వంతు రాగానే పళ్లెం పట్టుకున్నది నేనే గనుక, ఆ చీటీ ఆమె వేళ్ల కిందికి జరిపాను. ఇంటికి వచ్చాక నాచేతే చదివించుకుంది. ఆమె ముఖం అంత వెలగడం నేను అదివరకు చూడలేదు. సంతోషం లాంటిది ఏదో నాకూ కలిగిందనే అనుకుంటాను.

మాఘమాసంలో అవ్వకు కడుపునొప్పి ఎక్కువై మానుకోట దవాఖానకు తీసుకుపోతే, లోపల గడ్డ ఉందనీ, కోసి తీయకపోతే బతకదనీ చెప్పారు. అవ్వ ఇంటికి వచ్చి రవికలో దాచుకున్న చీటీ తీసి చూపించింది. దేవుడు ఇంట్లోనే బాగవుతావని రాసి ఇచ్చాక కత్తి కిందికి పోవడం ఆయన్ను అబద్ధికుణ్ణి చేయడమే అంది. చీటీ పట్టుకుని కూర్చుంటే గడ్డ కరుగుతుందా అని నాయిన అరిచాడు, బతిమాలాడు, చివరికి అన్నం మానేశాడు. పక్కింటి మేనత్త వాకిట్లో నిలబడి, "ఏందొదినె, గడ్డను గూడ దేవునికే అప్పజెప్పినవా?" అంటే, "నా గడ్డ, నా దేవుడు, నడుమ నీకేం పరేషానే?" అని అవ్వ నవ్వింది, నవ్వుతూనే పొట్ట పట్టుకుని ముందుకు వంగింది. నేను అన్నీ చూస్తూ ఉన్నాను. ఆ రోజుల్లో నా డైరీలో ఏ రోజు ఏ కూర వండామో మాత్రమే ఉంది.

నాయిన పోయి తాతను పిలుచుకొచ్చాడు. తాత ఆ చీటీని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు గ్రంథం చంకలో పెట్టుకుని వచ్చి, ఎవరూ లేకుండా చూసి నా ముందు కూర్చున్నాడు. "బిడ్డా, నాలుగు దినాల సంది ఎతుకుతున్న. ముసలోన్నైతి, మర్చిపోయిన కావచ్చు. గిది యాడున్నదో జర నువ్వు తీసి సూపియ్యరాదు," అని గ్రంథం నా ఒళ్లో పెట్టాడు. జీవితమంతా ఆ గ్రంథం చదివిన మనిషి, చీటీని అనుమానించలేక తన జ్ఞాపకాన్ని అనుమానించుకున్నాడు. లోపలికి వెళ్లి డైరీ తెచ్చి, కొట్టివేతలున్న ఆ పుట తెరిచి ఇచ్చాను. ఆయన చదివి, పుట మూసి, తిట్టకుండా, "నాకైతే సదువస్తది. మీ అవ్వకు నోటితోనే చెప్పాలె," అని లేచాడు.

అవ్వ వాకిట్లో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనూ కూర్చుని తీయడం మొదలుపెట్టి, ఎన్ని తీశానో తెలియదు గానీ, "అవ్వా, గా చీటీల మాట గ్రంథంల లేదు. నేనే రాసిన," అన్నాను. ఆమె చేతులు ఆగాయి. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు.

"మరి గిన్నేండ్లు నువ్వు సదివి ఇనిపిచ్చినయో?"

"గవన్నీ ఉన్నయవ్వా. గదొక్కటే లేదు."

"గిది గూడ నువ్వే సదివితివి గద," అని, మళ్లీ మిరపకాయలు అందుకుంది.

మర్నాడు తనే మూట కట్టుకుని దవాఖానకు బయలుదేరింది. గడ్డ తీశారు, బతికింది. ఇంటికి వచ్చాక పొయ్యి పక్కన గ్రంథం చదవమని మాత్రం నన్ను మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆదివారం తాత చదివితే విని వచ్చేది, మిగతా రోజులు ఊరికే కూర్చునేది. నేనూ చదవనా అని అడగలేదు.

తర్వాత కొన్నేళ్లకు నాకు ములుగు దగ్గర ఘనపూర్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. నాయిన పోయాక అవ్వ నా దగ్గరికి వచ్చింది. మా బడి వరండాలో సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెప్పే తరగతి పెడితే, యాభై దాటిన అవ్వ పలకా బలపం పట్టుకుని వెళ్లింది. ఇంట్లో పంతులమ్మ ఉండగా అంత దూరం ఎందుకని అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. అక్షరాలు వచ్చాక గ్రంథం మొదటి పుట నుంచి మొదలుపెట్టింది. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, రోజుకు అర పుట, ఒక్కోసారి నాలుగు వరుసలే. ఆరేళ్లకు పైగా పట్టింది. ఎనభైల నడుమ ఒక మధ్యాహ్నం నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, చివరి పుట మూసి, నా వైపు చూడకుండానే అంది.

"నువ్వు సదివినయన్నీ ఉన్నయే బిడ్డా. గదొక్కటే లేదు."

సరే అన్నాను. ఏడవాలని తెలుసు, ఏడుపు రాలేదు. ఆ రోజు డైరీ తీస్తే ఇప్పటికీ, అవ్వ చదవడం అయిపోయింది, పచ్చిపులుసు చేశాం, అని రెండు ముక్కలే కనిపిస్తాయి.

ఇప్పుడు మా ఇంట్లో చదువు రాని వాళ్లు లేరు, గ్రంథం అందరి ఫోన్లలోనూ ఉంది, వెతకడానికి అరనిమిషం పట్టదు. నేను ఆ గులాబీపువ్వుల కింద ఇది గ్రంథంలో లేదు అని రాసి, పంపాను. సాయంత్రానికి ఎవరో నా మాట కింద కూడా ఆమేన్ అని పెట్టారు.