ఒక సైజు తగ్గించు

ఎదుటివాళ్ళు ఏం కొన్నా, ఏం ఎక్కినా, ఏం తొడుక్కున్నా అది వాళ్ళకి ఒక సైజు ఎక్కువని మా ఆర్విడ్ కోస్కెలాకి గట్టి నమ్మకం. నమ్మకం మనసులో పెట్టుకుంటే ఎవరికీ బాధ లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట నా మొహం మీద అంటూ ఉండటమే బాధ.

మీరు ఆయనకి చెయ్యి చాచారనుకోండి. కలిపి వదిలేయడు. పట్టుకుని, మణికట్టు నుంచి భుజం దాకా చూపు పాకించి, "ఊఁ, పొట్టి చేతులే" అంటాడు. మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు గారికి మొదటి ఆదివారమే ఈ మర్యాద జరిగింది.

"రండి పాస్టరు గారూ. సైకిల్ తొక్కుతారా?"

"అప్పుడప్పుడూ తొక్కుతానండీ. ఇరవై రెండు అంగుళాల ఫ్రేమ్."

"అదీ సంగతి! అందుకే మెడ తిప్పలేకపోతున్నారు. ఒక సైజు తగ్గించండి."

పై ఆదివారం ఆయన ప్రసంగం పావుగంట ముందే ముగిసింది. పాస్టరు గారు మాట విని తగ్గించారు గానీ తగ్గించింది సైకిల్ కాదని ఊరంతా సంతోషించింది.

మాది డులూత్. పెద్ద సరస్సు వైపు జారే కొండవాలు మీద ఇళ్ళు, ఊరు దాటితే అడవి, అడవిలో మైళ్ళకొద్దీ కంకర రోడ్లు. ముప్పై అయిదేళ్ళ నాటి మౌంటెన్ బైకులు వెతికి తెచ్చి, వాటి తిన్నని హ్యాండిల్ పీకేసి, రేసు సైకిళ్ళకుండే వంపు హ్యాండిల్ బిగించి, ఆ కంకర మీద తొక్కడం మా వైపు జనానికి పిచ్చి. ఆ పిచ్చికి పెద్ద వైద్యుడు ఆర్విడ్. ఆయన పెరట్లో ఆవిరి స్నానాల గది ఉంది, దాని ముందు బట్టలు మార్చుకునే గది ఉంది, అందులో బట్టలు తగిలించడానికి ఒక్క కొక్కెం లేదు. అన్ని కొక్కేలకీ ఫ్రేములే. ఆయన భార్య హెల్మీ తువ్వాలు కట్టుకుని ఆ గొట్టాల మధ్య నుంచి వంగి వంగి స్నానానికి వెళ్ళి, వచ్చేటప్పుడు నడుం పట్టుకుని వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, వంపు హ్యాండిల్ పెడితే చేతులు ఎప్పుడూ ఉండే చోటికన్నా బెత్తెడు ముందుకి పోతాయి. ఆ కాలపు మౌంటెన్ బైకులకి సీటుకీ హ్యాండిల్‌కీ మధ్యనుండే పై గొట్టం అసలే పొడుగు. పైగా ఈ బెత్తెడు. ఇక మనిషి సైకిల్ మీద కూర్చున్నట్టు ఉండదు, తీగ మీద దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది. అందుకని మనం మామూలుగా తీసుకునే ఫ్రేమ్ కన్నా ఒక సైజు చిన్నది తీసుకుని, హ్యాండిల్ కింద పొడుగు కాడ పెట్టి పైకి లేపుకోవాలని ఆర్విడ్ సిద్ధాంతం. అది తప్పని నేననడం లేదు. ఒప్పుగా ఉన్న మాటని రోజూ వినడం ఎంత నరకమో మీకు తెలియదంటున్నాను.

ఇనప సామాన్ల కొట్టు లోవెల్ ట్వీటెన్‌కి తెలుసు. ఒకసారి వంపు హ్యాండిల్ పెట్టించుకుందామని తన పెద్ద ఫ్రేమ్ మోసుకుని ఆర్విడ్ పెరట్లోకి వెళ్ళాడు.

"ఇది నీకు పెద్దది. ఒక సైజు తగ్గించు" అన్నాడు ఆర్విడ్, కనీసం కాఫీ అయినా ఇవ్వకుండా.

"నాది ఎప్పుడూ పెద్ద సైజేనయ్యా."

"ప్యాంటు గురించి అడగలేదు నేను."

"ఆరడుగుల మనిషిని! పిల్లల సైకిల్ మీద ఊరేగమంటావా?"

"ఆరడుగుల్లో కాళ్ళెంత, నడుమెంత, చేతులెంత? చేతులు చూస్తే అయిదడుగుల వాడివి. ఆ చేతులు పెట్టుకుని ఈ ఫ్రేమా? సిగ్గు లేదూ?"

లోవెల్ ఆ ఫ్రేమ్ మళ్ళీ మోసుకుని కొట్టుకి పోయి, తనే హ్యాండిల్ బిగించుకున్నాడు. నెలరోజుల పాటు నిద్రలేచినప్పుడల్లా చేతులు తిమ్మిరెక్కుతున్నాయని భార్యతో చెప్పుకున్నాడట. ఆర్విడ్‌తో మాత్రం చెప్పలేదు. మా ఊళ్ళో మగవాళ్ళు ప్రాణం పోయినా అలాంటివి చెప్పరు.

హెల్మీని అడిగితే ఇంకో కథ చెబుతుంది. పెళ్ళికి ముందు ఆర్విడ్ ఓ సాయంత్రం ఆవిడని గోడకి ఆనించి నిలబెట్టి, చేతులు చాపమని టేపుతో కొలుచుకున్నాడట. "చలికాలం వస్తోంది కదా, కోటు కొంటాడు కాబోలనుకున్నానే. సైకిల్ చేసుకొచ్చాడు" అంటుంది. "మరి సరిపోయిందా?" అంటే, "అదే కదా నా కర్మ! కొలిచి కుట్టినట్టు సరిపోయింది. లేకపోతే చేసుకునేదాన్నా వీణ్ణి?" అంటుంది.

ఇక నా సంగతి. నా పేరు మార్లిస్. ఇరవై ఎనిమిదేళ్ళు స్కూలు బస్సు నడిపి మానేశాను. మానేసిన ఏడాదే చర్చిలో పాత సామాన్ల అమ్మకంలో ఓ మౌంటెన్ బైకు దొరికింది. ఎర్ర రంగు, దాని మీద తెల్ల చుక్కలు, పద్దెనిమిది అంగుళాల ఫ్రేమ్. కాలు అటేసి నిలబడ్డాను, రెండు పాదాలూ చక్కగా నేలకి ఆనాయి. సరిపోయింది కదా అని మురిసిపోయి, నేరుగా ఆర్విడ్ దగ్గరికి నడిపించుకెళ్ళాను.

ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "రంగు చూసి కొన్నావు" అన్నాడు.

"నిలబడి చూసి కొన్నాను. పాదాలు ఆనాయి."

"నిలబడే తొక్కుతావా?"

"ఆర్విడ్, నీకు దణ్ణం పెడతాను. ఆ హ్యాండిల్ మార్చి ఇవ్వు."

"ఇవ్వను. నీకు పదహారు అంగుళాలది కావాలి. దొరికేదాకా ఆగు."

"ఎప్పుడు దొరుకుతుంది?"

"ఆ సైజువి తక్కువ. ఉన్నవాళ్ళు అమ్మరు. ఆగాలి."

నేను ఆగే రకం కాదు. ఆ మధ్యాహ్నమే లోవెల్ దగ్గరికి తీసుకుపోతే, ఆర్విడ్ కాదన్నాడని వినగానే మహా ఉత్సాహంగా గంటలో బిగించి పెట్టాడు.

ప్రతి మే నెలలో మా వైపు ఎనభై మైళ్ళ కంకర సవారీ ఒకటి జరుగుతుంది. అందులో ఒకటే నియమం. దారిలో ఏమొచ్చినా ఎవరి పాట్లు వాళ్ళు పడాలి. ఇంట్లోవాళ్ళు కారేసుకొచ్చి సాయం చేస్తే పేరు కొట్టేస్తారు. తొక్కుతున్నవాళ్ళు తోటివాళ్ళకి మాత్రం సాయపడొచ్చు. మొదటి ఏడు నలభై అయిదో మైలు దగ్గర నా చేతులు మొద్దుబారాయి, మెడ కొయ్యైపోయింది. మా అమ్మాయి జోలీన్‌కి ఫోన్ చేస్తే కారు తెచ్చి తీసుకెళ్ళింది. రెండో ఏడూ అక్కడే, ఆ నాలుగు రోడ్ల కూడలి దగ్గరే, అదే కారు. "ఇక చాలమ్మా, నీకు అరవై రెండు" అంది జోలీన్. ప్రేమగానే అంది. ఆ మాట ముల్లులా దిగింది. బస్సు పోయింది, ఇక సైకిల్ కూడా పోతే నేను కిటికీ దగ్గర కూర్చుని స్వెటర్లు అల్లుకోవాలి. నాకు అల్లడం రాదు. ఈ ఏడు కూడా పూర్తి చేయలేకపోతే సైకిల్ అమ్మేస్తానని జోలీన్‌కి మాటిచ్చేశాను.

ఆ సంగతి ఆర్విడ్‌కి చెప్పి, "వయసైపోయింది నాకు" అన్నాను. ఓ మంచి మాట అంటాడేమోనని ఆశ. ఆయనకి కోపం వచ్చింది.

"వయసు కాదు, గొట్టం! బెత్తెడు గొట్టం ఎక్కువ, అంతే. ఒక సైజు..."

"తగ్గించమంటావు! రెండేళ్ళుగా అదే పాట! ఏదీ ఆ పదహారు అంగుళాలది? ఎక్కడుంది? గాల్లో ఉందా?"

ఆయన నా చేతులకేసి ఓసారి చూసి వెళ్ళిపోయాడు. మాట్లాడకుండా వెళ్ళిన ఆర్విడ్‌ని చూడటం నాకు అదే మొదటిసారి. కాస్త హాయిగా కూడా అనిపించింది, దాచడం దేనికి.

ఈ మే నెలలో బయల్దేరే చోట జనం పగలబడి నవ్వుతుంటే తిరిగి చూశాను. ఎన్నడూ సవారీలో పాల్గొనని ఆర్విడ్, డెబ్భై ఒకటో ఏట, ఛాతీ మీద నంబరు కట్టుకుని ఉన్నాడు. మనిషి ఆరడుగుల మూడంగుళాలు. కింద సైకిల్ మాత్రం బుల్లిది. సీటు గొట్టం ఊడొచ్చేదాకా పైకి లాగినా మోకాళ్ళు మోచేతులకి తగులుతున్నాయి. మిడతకి సైకిల్ ఇచ్చినట్టుంది.

"ఒక సైజు తగ్గించమంటే మూడు సైజులు తగ్గించావేంటయ్యా!" అని అరిచాడు లోవెల్. నాకైతే ఒళ్ళు మండింది. నా జీవితంలో ముఖ్యమైన రోజున ఈ కోతి వేషాలేమిటి? సిద్ధాంతం నిరూపించడానికి ఇదా సమయం? వెనక్కి చూడకుండా తొక్కేశాను.

నలభై అయిదో మైలు వచ్చింది. అదే కూడలి. చేతుల్లో బ్రేకు ఉందో లేదో తెలియడం లేదు. దిగి, రోడ్డు పక్క గడ్డిలో కూలబడ్డాను. అందరూ దాటిపోయారు. ఫోన్ తీసి జోలీన్ నంబరు కోసం చూస్తుంటే, మొద్దుబారిన వేలికి అది కూడా దొరకడం లేదు. అప్పుడు కంకర చప్పుడైంది. ఆర్విడ్. రెండు మోకాళ్ళూ గీసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. దిగబోయి దాదాపు పడ్డాడు.

"ఏమైంది నీకు?" అన్నాను.

"సైజు తప్పు పడింది."

"నీకా?"

"మనిషన్నాక తప్పు చేయడా? ఇంక నా వల్ల కాదు. నీ బండి నాకిచ్చి, ఇది నువ్వు తీసుకో. తోటివాడికి సాయం చేయొచ్చు, నియమం ఉంది."

"నేను మానేస్తున్నానయ్యా!"

"ఇంటికి పోయేటప్పుడైనా ఎవరిదో ఒక బండి కావాలిగా. ముందు నాకు సాయం చెయ్యి. ముసలివాణ్ణి, అడవిలో వదిలేసి పోతావా?"

ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను సాయం అడగడం అదే మొదలు. సరేనన్నాను. ఆయన జేబులోంచి పానా తీసి, బుల్లి సైకిల్ సీటు దించాడు. కొలవలేదు, ఊగించి చూడలేదు. గొట్టం మీద చుట్టిన నీలం టేపు దాకా దించి ఆపేశాడు. ఎక్కాను. నా చేతులు ఎక్కడ పడాలో హ్యాండిల్ అక్కడే ఉంది. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. మెడ తిప్పాను, తిరిగింది. రెండేళ్ళుగా నాకు వయసైపోయిందనుకున్నదంతా ఆ ఎర్ర సైకిల్‌తో పాటు పక్కకి పోయి నిలబడింది.

"ఇది ఎన్ని అంగుళాలు?"

"పదహారు."

"ఎక్కడ దొరికింది?"

"అయోవాలో ఓ ధాన్యపు కొట్టంలో."

"ఈ నీలం టేపు?"

"పాత ఓనరు పెట్టుకున్న గుర్తు."

"పాత ఓనరుకి అచ్చం నా కాళ్ళేనా?"

"ఆఁ. ఆడమనిషి. మహా మొండిది." ఎర్ర సైకిల్ సీటు పైకి లాక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "మాట్లాడుతూ కూర్చుంటే చీకటి పడుతుంది. పద."

పక్క రాష్ట్రం అయోవా పోయి రావడమంటే ఒక రోజంతా బండి నడపాలి. ఎన్నిసార్లు పోయాడో హెల్మీ తరవాత చెప్పింది. నాలుగుసార్లు. కారులో తెచ్చిస్తే నా పేరు కొట్టేస్తారు. ముందే ఇస్తే నేను రోషానికి పోయి ఎర్రదాని మీదే వస్తానని ఆయనకి తెలుసు. అందుకని నలభై అయిదు మైళ్ళు మోకాళ్ళు కొట్టుకుంటూ, ఊరి చేత నవ్వించుకుంటూ, నాకు సరిపోయే సైకిల్‌ని తనే తొక్కి తెచ్చాడు.

ఎనభయ్యో మైలు దగ్గర నేను ఏడవలేదు. ఏడ్చానని ఎవరైనా చెబితే నమ్మకండి, ముఖ్యంగా జోలీన్ చెబితే. ఆర్విడ్ నా వెనక అరగంటకి వచ్చాడు. లోవెల్ గుంపుని వెంటేసుకుని ఎదురెళ్ళాడు.

"మార్లిస్ బండి నీ దగ్గర, నీ బండి మార్లిస్ దగ్గర. ఏంటి కథ? పాపం, ఆవిడ చేతులెత్తేస్తే నువ్వు ఆదుకున్నావా?"

జోలీన్ నా మొహం చూసింది. నేను నోరు తెరిచేలోపు ఆర్విడ్ గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఆదుకుంది ఆవిడ. ఫ్రేమ్ సైజు నేనే తప్పు ఎంచుకున్నాను. మార్లిస్ జాలిపడి బండి మార్చుకోకపోతే ఇంకా ఆ కూడలిలోనే ఉండేవాణ్ణి."

లోవెల్ నవ్వు మొదలెట్టాడు. ఆ నవ్వు వేసవంతా ఆగలేదు. 'సైజు సలహాలకి ఆర్విడ్‌ని అడగొద్దు' అని బోర్డు రాయించి కొట్టు తలుపుకి వేలాడదీశాడు. ఆర్విడ్ మేకులకి వెళ్ళినప్పుడల్లా ఆ బోర్డు తోసుకుని లోపలికి పోయి, మేకులు తీసుకుని, మళ్ళీ దాన్ని తోసుకుని బయటికొస్తాడు.

నాకు ఒళ్ళు మండి వాళ్ళింటికి వెళ్ళాను. "నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను" అన్నాను.

"నోరు మూసుకుని ఉండు. ఆ పని చేశావంటే సైకిల్ వెనక్కి తీసుకుంటా."

"ఊరంతా నవ్వుతోందయ్యా నిన్ను చూసి!"

"నవ్వనీ. నువ్వు ఎనభై మైళ్ళు తొక్కావా లేదా?"

"తొక్కాను."

"ఎవరి కాళ్ళతో?"

"నా కాళ్ళతోనే."

"ఇంక చెప్పడానికేముంది?" అని గది తలుపు వేసుకున్నాడు.

ఇలాంటి మనిషితో ఏం వేగుతాం చెప్పండి. ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. రాయొద్దని మాత్రం అనలేదు. మొదటి కాపీ లోవెల్ కొట్టుకి పంపిస్తున్నాను, ఆ బోర్డు తీసేసి అదే మేకుకి దీన్ని తగిలించమని.