మూడిళ్ల కంప్యూటర్లు కలిపిన చిన్నాయన

మా చిన్నాయన పోయాడు. పులివెందుల నుంచి చిన్నమ్మ ఫోన్ చేసేసరికి నేను ప్రొద్దుటూరులో బడికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. పొద్దున కాఫీ తాగి కంప్యూటర్ ముందు కూర్చున్నాడట. గ్లాసు తీయడానికి చిన్నమ్మ వచ్చేసరికి తల పక్కకు వాలి ఉందట. జమ్మలమడుగులో ఉన్న మా నాయనకు తాను చెప్పలేనని, నన్నే చెప్పమని అంది. వాళ్లన్నదమ్ములు అప్పటికి ఏడాదిన్నరగా మాట్లాడుకోవడం లేదు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచి రాసి, మన కన్నీళ్లు రాసి ముగిస్తాం. నేనూ అట్లాగే రాద్దామని కూర్చున్నాను. ఆయన మంచి రాయబోతే నా తప్పు అడ్డం వస్తోంది. ఆ ఏడాదిన్నర మౌనానికి కారణం నేనాడిన ఒక్క అబద్ధం. అది దాచి ఆయన్ను పొగిడితే నా ముఖం నేనే చూసుకోలేను. అందుకని రెండూ రాస్తున్నాను.

చిన్నాయన పులివెందులలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో అటెండరుగా చేరి, ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాడు. గది ఊడ్చడం, కంప్యూటర్ల మీది గుడ్డలు పొద్దున తీసి సాయంత్రం కప్పడం ఆయన పని. వాటిని విప్పడం ఆయనకెవరూ నేర్పలేదు. బాగుచేయడానికి కడప నుంచి వచ్చే మనిషి పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడి, చూసి చూసి నేర్చుకున్నాడు. రిటైరయ్యాక బంధువుల ఇళ్లలో మూలన పడ్డ కంప్యూటర్లన్నీ ఆయన బాధ్యతయ్యాయి. ఎవరింట్లోనైనా పాతదాన్ని పాత సామాన్లవానికి వేస్తున్నారని తెలిస్తే చాలు, వేంపల్లెలో బస్సు మారి మరీ వచ్చేసేవాడు. "పారేయొద్దు. నేనొచ్చి చూసేదాకా పారేయొద్దు" అనే ఆయన మాటను మా ఇళ్లలో ఎక్కిరించని మనిషి లేడు. నేనూ ఎక్కిరించాను.

ఆయన గుడ్డసంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పెయింటు బ్రష్షు, చిన్నపిల్లలు బడికి తీసుకుపోయే వాసన రబ్బరు ఉండేవి. నేల మీద చాప వేసి, కంప్యూటర్‌ను పడుకోబెట్టి, చొక్కా విప్పి పక్కన పెట్టేవాడు. మాది పురోహితుల ఇల్లు. ఒంటి మీది జంధ్యం లోపలి ఫ్యాన్‌లో పడకుండా మెడకు రెండు చుట్లు చుట్టుకునేవాడు. ఒకసారి నిజంగానే పడి తెగింది. ఇది ఏ వేళకు చేసే సంధ్యరా అని మా నాయన ఏడాదంతా ఏడిపించాడు. చిన్నాయన నవ్వుతూ రబ్బరుతో మెమరీ కార్డు అంచును పలక తుడిచినట్టు తుడిచేవాడు. "సగం రోగాలు మురికి రోగాలే పాపా" అనేవాడు. మిగిలిన సగానికి పాత హార్డ్ డిస్కు తీసి కొత్త రకంది బిగించేవాడు. అప్పటిదాకా లేవడానికి మన ఓపికను పరీక్షించిన మిషన్, స్విచ్ వేసి తిరిగేలోపు లేచి కూర్చునేది. అప్పుడు ఆయన ముఖం చూడాలి.

ఒక నియమం మాత్రం తప్పేవాడు కాదు. ఎవరి ఫైలూ తెరిచేవాడు కాదు. ఏవి కావాలో యజమానినే కూర్చోబెట్టి తీసుకోమని, తాను గోడవైపు తిరిగి కూర్చునేవాడు. నా పెళ్లి ఫోటోలు కొత్త డిస్కులోకి ఎక్కుతున్నంతసేపూ మా గోడ మీది క్యాలెండర్ చదువుతూ కూర్చున్నాడు. ఆ పెళ్లిలో నా పక్కన నిలబడి ఫోటో దిగిన మనిషి ఆయన.

ఇక జమ్మలమడుగు సంగతి. మా నాయన అక్కడ పౌరోహిత్యం చేస్తాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంట్లో ఎవరి తద్దినం ఏ తిథినాడో, వాళ్ల గోత్రమేమిటో ఆయన పుస్తకాల్లో ఉండేది. మా తాత నాటి నుంచి వస్తున్న పుస్తకాలవి. షుగరు వల్ల నాయన చూపు తగ్గుతూ వచ్చింది. చిన్నాయనే వాటిని కంప్యూటర్‌లో ఎక్కించమని సలహా ఇచ్చాడు. కొన్ని పుస్తకాలు జమ్మలమడుగు కంప్యూటర్‌లోనే ఎక్కాయి. మిగిలిన నాలుగూ, పెద్దముడియం, రాజుపాలెం వైపు పల్లెలవి, నేను ప్రొద్దుటూరు తెచ్చుకుని మా ఇంటి కంప్యూటర్‌లో ఎక్కించాను. సెలవు రోజుల్లో కూర్చుని, చదవలేని చోట నాయనకు ఫోన్ చేసి అడుగుతూ పూర్తి చేశాను. పూర్తయిన పుస్తకాన్ని నాయన ఇంట్లో ఉంచనిచ్చేవాడు కాదు. చెదలు తిన్న కాగితాలు, ప్రతి పేజీ మీదా శ్రీకారం, పోయినవాళ్ల పేర్లు. వాటిని తూకానికి వేయకూడదు, తొక్కకూడదు. మా ఆచారం ప్రకారం పసుపుగుడ్డలో చుట్టి పెన్నలో వదిలాం. నా నాలుగు పుస్తకాలూ అట్లాగే వెళ్లిపోయాయి.

ఆ తర్వాత చిన్నాయనకు నాయనది, నాది, తనది, మూడిళ్ల కంప్యూటర్లనూ కలపాలన్న ఆలోచన వచ్చింది. ఒకచోట రాస్తే మూడుచోట్లా కనబడాలి, ఒకటి చెడినా రెండు మిగలాలి. జమ్మలమడుగులో మా ఇంటి గోడలు మూరెడు మందం నాపరాయి. ముందుగదిలో పెట్టిన నెట్ పెట్టె సిగ్నలు నాయన కూర్చునే లోపలి గదికి అందలేదు. చిన్నాయన స్టూలెక్కి, తలుపు మీది గాలిసందు గుండా వైరు లాగి, గోడ వెంబడి చిన్న చిన్న మేకులు కొట్టాడు. అంతా బిగించి, ఇక కలపబోయే ముందు నాకు ఫోన్ చేశాడు.

"పాపా, నీ కంప్యూటర్‌లో తేదీ సరిగ్గా ఉందా? లేచి పోయి చూసి చెప్పు."

నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. కంప్యూటర్ పక్క గదిలో ఉంది. లేవలేదు. "ఉంది చిన్నాయనా" అన్నాను.

లేదు. ఉరుములకు కాలిపోతుందన్న భయంతో నేను పని కాగానే గోడ స్విచ్ కూడా ఆపేదాన్ని. లోపల గడియారాన్ని నడిపే గుండీ అంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఎన్నో ఏళ్ల కిందటి తేదీ చూపిస్తూ, ఏదో ఇంగ్లీషులో అడిగేది. చదవకుండా ఒక బటన్ నొక్కి నా పని చేసుకునేదాన్ని. నేను ఎక్కించిన నాలుగు పుస్తకాల మీదా ఆ పాత తేదీనే పడింది. చిన్నాయన కలిపిన ఏర్పాటు ఏం చేస్తుందంటే, ఒకే పేరున్న జాబితాలు రెండు కనబడితే తేదీలు చూసి కొత్తది ఉంచి పాతదాన్ని తుడిచేస్తుంది. జమ్మలమడుగు జాబితాను కొత్తదనుకుంది. నాది తుడిచేసింది. తిథులు చెప్పి బతికే ఇంటి బిడ్డను, తేదీ చూడమంటే చూడలేదు.

అది బయటపడింది పెద్దముడియం వైపు నుంచి ఒక రైతు తన తల్లి తద్దినం ఎప్పుడని అడగడానికి వచ్చినప్పుడు. అమ్మ కంప్యూటర్‌లో వెతికింది, లేదు. నాయన జ్ఞాపకం మీద చెప్పాడు. వెంట వచ్చిన ముసలామె, ఆ రైతు వదిన, అది మా ఆడబిడ్డది సామీ, మా అత్తది కాదు అని నలుగురి ముందూ సరిదిద్దింది. పుస్తకం చూడకుండానే ఊరూరి తిథులు చెప్పగలడని పేరున్న మనిషి మా నాయన. ఆ రోజు భోజనం చేయలేదట. చిన్నాయనను పిలిపించాడు. నేనూ వెళ్లాను. ఎవరికీ ఇంకా కారణం తెలియదు.

"నువ్వు ముట్టుకోకుంటే బాగుండేది. నా నోట్లో మన్ను కొట్టినావు. ఇంక ఈ గడప తొక్కాకు" అన్నాడు నాయన.

చిన్నాయన తలవంచుకుని, నాదే తప్పయ్యుంటాది అన్నా, చూస్తా అని మాత్రం అన్నాడు. నేరుగా నాతో పాటు ప్రొద్దుటూరు వచ్చాడు. చాప వేసి కంప్యూటర్ స్విచ్ వేయగానే తెర మీది తేదీ చూశాడు. నేనూ చూశాను. ఆయన లేచి బజారుకు పోయి గుండీ బ్యాటరీ తెచ్చి వేసి, తేదీ దిద్ది, "ఇంక సరిగ్గా చూపిస్తాదిలే" అన్నాడు.

నాయనకు నేనే చెప్తానని అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

"నీకు వీలైనప్పుడు చెప్పు పాపా. తొందరేముంది" అన్నాడు.

ఆ తొందరేముంది అన్న మాట పట్టుకుని ఏడాదిన్నర గడిపాను. ఈ ఆదివారం చెబుదాం అనుకుని వెళ్లేదాన్ని, చెప్పకుండా తిరిగి వచ్చేదాన్ని. నాయన దృష్టిలో నేను తప్పు చేయని బిడ్డను. ఆ పేరు పోతుందని భయపడ్డాను, అంతే. ఇంతకన్నా గొప్ప కారణమేదీ నా దగ్గర లేదు.

ఆయన మాత్రం నా కోసం ఆగలేదు. అరవై దాటిన మనిషి, గుడ్డసంచిలో ఈసారి నోటుబుక్కులు, పాత పంచాంగాలు వేసుకుని పెద్దముడియం, రాజుపాలెం పల్లెలు తిరగడం మొదలుపెట్టాడు. షేర్ ఆటోల్లో పోయి, ఇంటింటి అరుగు మీదా కూర్చుని ముసలివాళ్లను అడిగేవాడు. పల్లెల్లో తేదీ ఎవరు చెబుతారు? పీర్ల పండగ అయిన రెండు వారాలకు అంటారు, శనక్కాయలు పెరికే రోజుల్లో అంటారు. ఆయన పంచాంగాలు తిరగేసి తిథి కట్టేవాడు. పులివెందులలో ఎక్కిస్తే మా ఇంట్లో, జమ్మలమడుగులో కనబడేది. నేను బడి నుంచి వచ్చి కంప్యూటర్ తెరిస్తే జాబితాలో రోజూ కొత్త వరసలు ఉండేవి. మాయమైన ఇళ్లు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి.

అమ్మ చదివి వినిపిస్తుంటే నాయన సంతోషించాడు. అవన్నీ నేనే మళ్లీ సంపాదించానని అనుకున్నాడు. వాడు చెడగొట్టింది నా బిడ్డ బాగుచేసింది అని వచ్చినవాళ్లకు చెప్పుకునేవాడు. నా ముందే చెప్పాడు ఒకసారి. నేను మంచినీళ్ల చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

చిన్నాయన పోయిన రోజు నాయనను పులివెందులకు నేనే తీసుకువెళ్లాను. తమ్ముని పక్కన కూర్చుని, కళ్లు సరిగ్గా ఆనవు కాబట్టి, ముఖమంతా చేత్తో తడిమాడు. "శానా చిక్కినాడే" అన్నాడు చిన్నమ్మతో. ఎండలో పల్లెలు తిరిగాడు కదా బావా అని చిన్నమ్మ అనబోయి, నన్ను చూసి ఆగింది. ఆమెకూ తెలుసు. నేను చెప్పేదాకా ఎవరికీ చెప్పొద్దని ఆయన మాట తీసుకున్నాడట.

పన్నెండో రోజు అయ్యాక చిన్నమ్మ ఆయన కంప్యూటర్‌లో ఏముందో చూడమంది. ఎవరి ఫైలూ తెరవని మనిషి కంప్యూటర్ తెరవడానికి నాకు చేయి రాలేదు. ఆమె బలవంతం మీద తెరిచాను. జాబితా కాక, మాకెవరికీ కనబడకుండా పక్కన పెట్టుకున్న ఇంకో ఫైలు ఉంది. పేరు 'అన్నను అడగాల'. పల్లెల్లో ఎంత అడిగినా తేలని తిథులన్నీ అందులో రాసుకున్నాడు. దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకుని మరుసటి రోజు పొద్దునే జమ్మలమడుగు వెళ్లాను.

నాయన లోపలి గదిలో, గోడ వెంబడి వైరు పోయే చోట కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కింద కూర్చుని మొత్తం చెప్పాను. తేదీ చూడకుండానే సరిగ్గా ఉందని నేనన్నది, చెబుతానని మాటిచ్చి చెప్పనిది, జాబితా తిరిగి రాసింది ఎవరన్నది. మధ్యలో ఆపలేదు, ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని.

నాయన అన్నాడు. "ఆ ముక్క అప్పుడే చెప్పింటే, వాడు ఈ ఇంట్లో ఇంకొక్కసారన్నా అన్నం తినేవాడు గదమ్మా."

క్షమించమని అడిగాను. ఏం జరిగిందిరా అని తానూ ఒక్కసారి ఫోన్ చేసి అడగలేదని, ఆ తప్పు మాత్రం ఎవరి మీద వేయాలని నాయన తనలో తాను గొణుక్కున్నాడు. ఫైలు సంగతి చెప్పాను. చదవమన్నాడు.

మొదటిది పెద్దముడియం పక్క పల్లెలో ఒక రైతు తల్లిది. చిన్నాయన రాసుకున్నది రాసుకున్నట్టు చదివాను. "పీర్ల పండగ అయిన రెండు వారాలకు అంటారు. దశమా, ఏకాదశా? అన్నను అడగాల."

"ఏకాదశి" అన్నాడు నాయన. "ఆ పొద్దు నాకు ఉపవాసం. వాళ్లు మజ్జిగ ఇస్తే గూడా తాగలే. రాయి."

రాశాను. రెండోది చదివాను, దానికీ చెప్పాడు. మూడో దానికి కొంచెం ఆలోచించి, ఆ రోజు పెన్న వచ్చి బస్సు ఆగిపోయిందని గుర్తుచేసుకుని, తిథి చెప్పాడు. ఇంకో నాలుగైదు అయ్యేసరికి నేను పేరు చదవగానే అందుకుంటున్నాడు. ఒక ఇంటి పేరు వినగానే, అది వానికి తెలిసుండాల్నే, చిన్నప్పుడు నాతో పాటు వచ్చినాడే అని విసుక్కున్నాడు. ఎదుటి మనిషిని విసుక్కున్నట్టే ఉంది ఆ గొంతు.

వంటింట్లోంచి అమ్మ వచ్చి, పొద్దు తిరిగిపోయింది, లేచి అన్నం తినమంది. నేను ఫోన్ పక్కన పెట్టబోయాను.

నాయన చేయెత్తి ఇద్దరినీ ఆపాడు. "ఉండండి. వాడు అడుగుతాండాడు గదా" అన్నాడు.

అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను తర్వాతి పేరు చదివాను.