అద్దం తుడిచే అవ్వ

కేసముద్రంలో మా వాడకట్టులో ఒక అవ్వ ఉండేది. రేషన్ దుకాణంలో వేలిముద్ర వేశాక మిషన్ అద్దాన్ని కొంగుతో తుడిచి మరీ వచ్చేది.

"నా ఏలు నేను తీస్కపోతున్న. దాని గుర్తు ఈడెందుకు?" అనేది. అందరూ నవ్వేవారు, డిగ్రీ చదివిన నేను కూడా.

ఒకరోజు సిమ్ కార్డు కోసం నన్ను తోడు తీసుకెళ్లింది. అవ్వ వేలు పెట్టాక సిమ్‌ల దుకాణం అతను, "పడలేదవ్వా, మళ్లోసారి పెట్టు" అన్నాడు.

అవ్వ వేలిని పిడికిట్లో దాచుకుంది. "రేషన్ మిషన్ పడకపోతే మాట్లాడుతది. నీది సప్పుడు చెయ్యలే. జర ఈ పిల్లకు సూపెట్టు బిడ్డా."

చూశాను. సిమ్ పని మొదటి ముద్రకే అయిపోయింది. తెర మీద అవ్వ పేరుతో ఇంకో సిమ్ ఫారం తెరిచి ఉంది.

"సర్వర్ స్లో ఉందవ్వా," అన్నాడతను.

"ఉండనియ్యి. నా ఏలు పెడితే ఉరుకుతదా?"

అదే దుకాణంలో అంతకుముందు ఒక్క సిమ్ కోసం, పడలేదంటే నేను మూడుసార్లు వేలు పెట్టి వచ్చాను. ఇంటికెళ్లి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వెతికితే నా పేరున మూడు సిమ్‌లున్నాయి. వాడేది ఒకటే. మిగతావి రద్దు చేయించాను.

అవ్వ ఇప్పుడు లేదు. మొన్న ఐదేళ్లు నిండిన మా పాపకు ఆధార్ వేలిముద్రలు వేయించాను. అయ్యాక చున్నీతో అద్దం తుడిచాను. ఎందుకని పాప అడిగితే అవ్వ సంగతి చెప్పాను.

ఇల్లు చేరేదాకా పాప పిడికిళ్లు విప్పలేదు. నేనూ విప్పమనలేదు.