పుట్టినరోజు సూపు తాగని ఛాంపియన్

సేబ్యల్ ఎనిమిదేళ్లప్పుడు కొరియాలోని మా చున్‌చన్ ఊరి ఐస్ స్కేటింగ్ రింక్‌కు వచ్చింది. కాళ్లకు వాళ్లన్న స్కేట్లు, ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని. పొద్దున్నే ఐసు మీద పొగమంచు లేస్తుంటే అందులో ఆ పిల్ల కనిపించేది కాదు. ఎడమకు ఒరిగి మలుపు తిరిగేటప్పుడు బ్లేడు చప్పుడు మాత్రం వినిపించేది, ఎక్కడో ఎవరో పలచటి గుడ్డను మెల్లగా చింపుతున్నట్టు.

నా పని బ్లేడ్లకు పదును పెట్టడం. మర్నాడు వాడేదాన్ని తుడిచి ఇస్తాను. చాలాకాలం దాచిపెట్టేదానికే నూనె రాస్తాను. సేబ్యల్ బ్లేడ్లకు నేనెన్నడూ నూనె రాయలేదు.

పందొమ్మిదేళ్లకు స్కేటింగ్ పందేల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ తర్వాత మరోసారి. ఇరవై ఆరో ఏట చీలమండ విరిగింది. అతికాక మళ్లీ వచ్చింది.

పుట్టినరోజున సముద్రనాచు సూపు తాగని వాళ్లు మాలో ఉండరు. కానీ పరీక్షకో పోటీకో వెళ్లే రోజు దాన్ని ముట్టుకోం. నాచు జారుతుంది, తాగినవాళ్లూ జారతారని భయం. సేబ్యల్ పుట్టింది ఏప్రిల్‌లో, జాతీయ జట్టు ఎంపిక జరిగే వారంలో. పదహారేళ్లు వాళ్లమ్మ ఆ సూపు కాయలేదు.

ముప్పై ఒకటో ఏట, ఆఖరి ఎంపిక పోటీ. ఈసారి జట్టులోకి రాకపోతే ఇక రాదు. ఆ పొద్దున సేబ్యల్ తల్లిని అడిగింది.

"సూపు కాయమ్మా."

"నీకేమైనా పిచ్చా? ఇవాళా?"

"పొద్దస్తమానం జారడమే కదమ్మా నా ఉద్యోగం! నాచుకి భయపడతానా?"

ఫ్లాస్కులో తెచ్చిన సూపును నా బల్ల దగ్గరే కూర్చుని సగం తాగింది. అదే పోటీకొచ్చి అటుగా వెళ్తున్న పందొమ్మిదేళ్ల యూరిన్ నవ్వింది.

"అక్కా, ఈ వయసులో మీకీ మలుపులెందుకు? తిన్నగా ఇంటికెళ్లే దారి చూసుకోండి."

"ముందు నన్ను దాటవే. దారి తర్వాత చెబుదువుగాని."

తొమ్మిది చుట్లు. ఎడమచేతి వేళ్లు ఐసును తాకీ తాకకుండా సేబ్యల్ తిరుగుతుంటే నాకు ఆ ఎనిమిదేళ్ల పిల్లే కనిపించింది. చివరి గీత దగ్గర ముందున్న ముగ్గురూ ఒకేసారి బ్లేడు ముందుకు చాచారు. జట్టులో చోటు ఇద్దరికే. యూరిన్ రెండోది, సేబ్యల్ మూడోది. తేడా గోరంత.

వాళ్లమ్మ నా బల్ల దగ్గరకొచ్చి ఏడ్చింది. "నా సూపు వల్లే. ఎక్కడో జారే ఉంటుంది."

సేబ్యల్ విప్పిన స్కేటు తీసుకుని, బ్లేడు అంచును నా బొటనవేలి గోటి మీద లాగాను. గోరు గీసుకుపోయి తెల్లటి పొడి రాలింది. ఆమెకు చూపించాను.

"అంచు ఎక్కడా దెబ్బతినలేదు వదినా. ఇది జారిన బ్లేడు కాదు."

ఆమె ఆ పొడినే చూస్తూ ఉండిపోయింది. సేబ్యల్ ఫ్లాస్కు మూత తీసింది.

"చల్లారిపోయిందే," అంది తల్లి.

"ఫర్వాలేదులే." అడుగు దాకా తాగి మూతి తుడుచుకుని, రెండో స్కేటు కూడా నా ముందు పెట్టింది.

"నూనె రాయి బాబాయ్."