ఖాళీయేనా మామయ్య

ఎక్కడైనా నోరు విప్పే ముందు "ఇక్కడ ఎవరైనా మాట్లాడుతున్నారా?" అని అడగడం ఆ మామయ్య జబ్బు. అది రేడియో అంటించిందని ఆయనే చెప్పుకునేవాడు. గడియారాలు బాగుచేసి బతికే ఆయన డాబా మీద హామ్ రేడియో యాంటెన్నా నిలబెట్టి, తీరిక దొరికితే ఖండాంతరాల్లో ఉన్నవాళ్లతో కబుర్లాడేవాడు. ఒకరి సంభాషణ మీద పడకూడదు. ముందు వినాలి, ఖాళీయేనా అని అడగాలి, ఎవరూ పలక్కపోతేనే మాట్లాడాలి. రేడియోలో అది మర్యాద. ఆయన దాన్ని ఇల్లూ వీధీ అంతా పరిచేశాడు.

స్నానాలగది తలుపు బార్లా తెరిచి ఉన్నా మూడుసార్లు అడుగుతాడు. ఫోనులో అవతలివాళ్లు మాట ముగించాక రెండు క్షణాలు ఆగుతాడు. లైను తెగిందనుకుని వాళ్లు పెట్టేస్తారు.

"మాటకీ మాటకీ అంత ఎడం ఎందుకండీ?" అని అత్తయ్య విసుక్కునేది.

"సన్నగా వినబడేవాళ్లు దూరడానికి."

కళ్లద్దాల దుకాణంలో పనిచేసే మేనకోడలికి నత్తి. మామయ్య వెంటపడి రేడియో పరీక్ష రాయించాడు, లైసెన్సు వచ్చింది. మూడు నెలలైనా ఒక్కరూ పలకలేదు. తన స్టేషన్ పేరైన కాల్ సైన్‌లో మొదటి అక్షరం దాటేలోపే పదిమంది మీద పడిపోయేవారు.

"ఈ ఆదివారం కూడా ఎవరూ ప... పలక్కపోతే మానేస్తా మామయ్యా" అంది.

ఆ ఆదివారం పొద్దున ఓ మారుమూల దీవి నుంచి ఎవరో ప్రసారం చేస్తున్నారు. ఆ దీవి కోసం మామయ్య పదకొండేళ్లుగా కాచుకున్నాడు. ప్రపంచమంతా ఒకేసారి అరుస్తుంటే, ఆయన సందు చూసి ఒక్కసారే పిలిచాడు. దీవి ఆయనకే బదులు పలికింది. తిరిగి ఒక్క మాట చెబితే ఆ దీవి ఆయన లెక్కలో పడేది.

"నా సంగతి తర్వాత. నా పక్కన ఇంకో స్టేషన్ ఉంది. ఆమెకి తొందరలేని ఒక నిమిషం కావాలి" అన్నాడు మామయ్య.

"అందరూ ఆగండి" అంది దీవి. ఆశ్చర్యం, ఆగారు.

మైకు అమ్మాయి చేతికొచ్చింది. మొదటి అక్షరం తన పంతం తను పట్టింది, తర్వాత వదిలింది. మిగిలినవన్నీ దాని వెంటే నడిచొచ్చాయి.

"స్పష్టంగా విన్నాను, ధన్యవాదాలు" అంది దీవి. ఆ వెంటనే గొంతు సన్నబడి హోరులో కలిసిపోయింది.

"అయ్యో, మరి మీది?" అంది అత్తయ్య.

"మళ్లీ వస్తార్లే" అంటూ మామయ్య పళ్లికిలించాడు.

అత్తయ్య మేనకోడలి వైపు తిరిగింది. "ఇదంతా రేడియో నేర్పిందనుకున్నావా? నీ నాలుగేళ్లప్పుడు నీ మాటలన్నీ ఈయనే పూర్తిచేసేవారు. నువ్వు బొ... బొ... అంటూ బొమ్మ అడగబోతే పరిగెత్తి బొప్పాయి తెచ్చారు. నువ్వు సాయంత్రం దాకా ఏడ్చావు. ఆగడం ఆ రోజు నేర్చుకున్నారు. రేడియో కొన్నది ఆ తర్వాతే."

ఇన్నేళ్లూ తను నవ్వుకున్న ఆ రెండు క్షణాలు తనవేనని ఆమెకు అప్పుడు తెలిసింది. "థా..." అంది. అత్తయ్య అందించబోతే మామయ్య చెయ్యెత్తి ఆపాడు.

"...థాంక్స్ మామయ్యా."

"దాని మాటకి ఆగారు, బాగుంది. నేనన్నదానికి మాత్రం ఇరవై ఏళ్లుగా ఒక్క జవాబూ ఇవ్వరేం?" అని నిలదీసింది అత్తయ్య.

"ఆగే ఉన్నానే. నీదింకా అవలేదు."