నడిమి నల్లమెట్టు

1961 మార్చి 9, గురువారం, ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు నా గొంతు మొదటిసారి చీలింది. టైంపీసు ఐదింటికి మోగింది. లేచి, హిందూపురంలో మేము అద్దెకున్న ఇంటి పెరట్లో నిలబడి, పది నిమిషాలు కింది స్వరాలు సాధకం చేశాను. పై గాంధారం అందుకోబోయేసరికి ఒక గొంతులోంచి రెండు చప్పుళ్లు వచ్చాయి. ఒకటి నాది. రెండోది పాత చీర చినిగినట్టుగా ఉంది.

లోపల హార్మోనియం వాయిస్తున్న నాయన ఒక్క క్షణం ఆగి మళ్లీ వాయించాడు. నేను ఆ రోజు పుస్తకంలో "గొంతులో గర. చన్నీళ్లు తాగినందువల్ల" అని రాసుకున్నాను. ఆ ముందు రోజు నేను చన్నీళ్లు తాగలేదు.

మాది హరికథ చెప్పుకుని బతికే బృందం. నిలబడి చిడతలు పట్టి కథ చెప్పేది నేను, వెనక హార్మోనియం నాయన, మృదంగం తమ్ముడు. అంతే, ముగ్గురం. గోరంట్ల, సోమందేపల్లె, పెనుకొండ చుట్టూ ఉన్న పల్లెలు మా తిరుగుడు. పెళ్లిళ్లు, నవమి పందిళ్లు, జాతరలు, గృహప్రవేశాలు. పిలిస్తే బడి వార్షికోత్సవానికి కూడా పోయేవాళ్లం. ప్రతి కథకూ తేదీ, ఊరు, కథ పేరు, శృతి, గొంతు ఎలా ఉందీ అని ఐదు గడులు గీసి రాసుకునేదాన్ని. పంతొమ్మిదో ఏట మొదటి కథ చెప్పిన నాటి నుంచీ ఆ అలవాటు తప్పలేదు.

శృతి సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. పాట మొత్తం హార్మోనియం మీద ఏ మెట్టును ఆధారం చేసుకుని నడుస్తుందో అదే ఆ పాటకు శృతి. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి. మూడు నల్లమెట్లు పక్కపక్కన ఉండే గుంపులో నడిమిది ఐదున్నర. అది నా శృతి. ఆ రోజుల్లో మా పల్లెల్లో మైకులు తక్కువ. ఐదున్నరలో పాడితే పందిరి చివర బండ్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా పద్యం మాట మాటా వినిపించేది. అందుకే నన్ను పిలిచేవాళ్లు. కొన్ని ఊళ్లలో నా పేరే తెలియదు. "అయిదున్నరమ్మను పిలిపిచ్చండప్పా" అనేవాళ్లు.

ఆ అంకె పోతే నన్ను ఏమని పిలుస్తారు? మార్చి 9 తరవాత నాకు పట్టుకున్న భయం అదే. మిరియాలు, పటికబెల్లం, శొంఠి కషాయం. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని పడుకునేదాన్ని. అనంతపురంలో డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల రెండు చిన్న కాయలున్నాయి, మూడు నెలలు మాట్లాడవద్దు అన్నాడు. నవమికి పదహారు రోజులు కూడా లేవు. ఒప్పుకున్న కథలు పదకొండున్నాయి. ఇంటికొచ్చి నాయనకు ఆ మాట చెప్పాను. ఆయన చాలాసేపు హార్మోనియం మూత తుడుస్తూ కూర్చున్నాడు.

కథ చెప్పేటప్పుడు నా మనసు కథలో ఉండేది కాదు. పై గాంధారం ఉన్న పద్యం ఇంకా ఎన్ని పాదాల దూరంలో ఉందో లెక్కపెట్టుకునేదాన్ని. జనం నవ్వుతుంటే, ఇంకా ఇరవై రెండు. ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటుంటే, ఇంకా తొమ్మిది. ఆ స్వరం దాటాక కాళ్లు వణికేవి. గజ్జెలు కట్టుకుని ఉంటాను కాబట్టి అది ఆటలో భాగమనుకునేవాళ్లు.

అయితే ఆ ఏడు నవమి కథలు గండం లేకుండా గడిచాయి. గొంతు తేలికపడింది. పుస్తకంలో "శృతి ఐదున్నర. గొంతు తేలిక" అని రాశాను. కరక్కాయ పనిచేసిందనుకున్నాను. మరుసటేడు దసరా తరవాత గర మళ్లీ వచ్చింది, మళ్లీ భయం మొదలైంది. అది కూడా తగ్గింది. ఆ రోజు రాసింది ఇలా ఉంది: "1962 నవంబరు 18, ఆదివారం. చిన్న మృదంగం చెడిందని తమ్ముడు పెద్దది తెచ్చాడు. శృతి ఐదున్నర. గొంతు బాగుంది." ఈ రెండు సంగతులూ ఒకే వరసలో నా చేత్తోనే రాశాను. రాసి కూడా చదువుకోలేదు.

1963లో వానలు పట్టలేదు. విత్తనానికని దాచుకున్న శనక్కాయలు జనం తినేస్తున్నారని చెప్పుకునేవాళ్లు. వాన కోసం చెప్పించే కథ ఒకటి మా వైపు ఉంది. ఐదు రోజుల కథ. మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. గోరంట్లకు మూడు మైళ్ల దూరంలో ఒక ఊరివాళ్లు వచ్చి పిలిచారు. జులై 26, శుక్రవారం మొదలు. ఎండిన చెరువు నడుమ నాలుగు గుంజలు పాతి, కంపతో పందిరి వేశారు. సాయంత్రం నాలుగింటికి ఎత్తుకుని దీపాల వేళకు ముగించాలి. చెరువులో గోడ లేదు, గొంతును తిప్పి కొట్టేది ఏదీ లేదు, పాడింది పాడినట్టే పోతుంది. అయినా మూడు రోజులు బాగా జరిగాయి. మూడు రోజులూ "ఐదున్నర" అని రాశాను.

నాలుగో రోజు, జులై 29, సోమవారం, ఉదయం ఆరున్నరకు, మేము దిగిన బడి వరండాలో నాయన చాప చుడుతుంటే కుడిచేతి చూపుడువేలికి తేలు కుట్టింది. మధ్యాహ్నానికి మణికట్టు దాకా వాచింది. ఆ ఊరి నాటకాలకు హార్మోనియం వాయించే బడిపంతులు, నేను వాయిస్తానన్నాడు. మంచివాడు, చెయ్యి కూడా మంచిది. పందిట్లో మా హార్మోనియం ముందు కూర్చుని, శృతి ఎంతమ్మా అని అడిగాడు.

"అయిదున్నర" అన్నాను, అందరికీ వినపడేటట్టే.

నాయన పక్కనే వేపాకు కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. "పాపా, ఈపొద్దుకు నాలుగున్నరలో పాడు. పరాయి మనిషి వాయిస్తాండాడు" అన్నాడు.

"ఎత్తుకున్న శృతిలోనే కథ దించాలని చెప్పింది నువ్వే కదా నాయనా. మూడు దినాలు అయిదున్నరలో చెప్పి, ఈపొద్దు ఎట్ల మార్చేది?"

నాయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు మృదంగం అంచు మీద రాయితో తడుతున్నాడు. చెమట పట్టింది. "అక్కా, ఈ మద్దెల అంత పైకి రాదు" అన్నాడు.

"నిన్న వచ్చిందే. ఈపొద్దు దానికి కూడా తేలు కుట్టిందా?"

పంతులు నవ్వాడు. ముందు వరసలో ఉన్న ముసలివాళ్లు నవ్వారు. మావాళ్లిద్దరూ నవ్వలేదు. తమ్ముడు ఇంకా నాలుగు దెబ్బలు కొట్టాడు, మృదంగం ముఖాన బిగించిన తోలు మూట అంచున టప్పుమని తెగింది. అపశకునం అని ఎవరో అన్నారు. నేను వెనక్కి తిరిగి పంతులు వేలు చూశాను. నడిమి నల్లమెట్టు మీదే ఉంది. సరిగ్గానే ఉంది కదా అని ముందుకు తిరిగి ప్రార్థన ఎత్తుకున్నాను.

ప్రార్థనలోనే తెలిసింది. మామూలుగా నిలబడే చోట నేల ఒక మూర పైకి లేచినట్టుంది. పై షడ్జమానికే నరాలు బిగిశాయి. గాంధారం ఉన్న మొదటి పద్యం ఇంకా పద్నాలుగు పాదాల దూరంలో ఉంది. తగ్గించమని పంతులుకు సైగ చెయ్యవచ్చు. అందరి ముందూ అంకె చెప్పాను కాబట్టి చెయ్యలేదు. పన్నెండు. ఎనిమిది. మూడు. ఆ పద్యం మధ్యలో నా గొంతు పెరట్లో చీలినట్టే చీలింది, ఈసారి మళ్లీ అతుక్కోలేదు. నోరు తెరిచి ఉంది, గాలి వస్తోంది, స్వరం లేదు.

చెరువులో రెండు మూడు వందల మంది ఉన్నారు. పంతులు హార్మోనియం మీద ఆ స్వరాన్నే పట్టుకుని నా కోసం ఆగాడు. ముందు వరసలో ఊరిపెద్ద లేచి, "నిలపొద్దమ్మా. పాడలేకుంటే మాట్లాడు. కథ నిలిస్తే మాకు చెడుపు" అన్నాడు. మిగిలిన కథ బొంగురు గొంతుతో, పద్యాలు లేకుండా, మాటలతో చెప్పాను. దీపాల వేళకు ముందే అయిపోయింది.

బడికి వచ్చాక, ఇంకా వెలుగుండగానే, హార్మోనియం నాయన ముందు పెట్టించాను. నిన్న ఏ మెట్టు మీద వాయించావో చూపించు అన్నాను. ఆయన వాచిన చెయ్యి పక్కకు పెట్టి, ఎడమచేత్తో మూడు నల్లమెట్లలో మొదటిదాన్ని నొక్కాడు. అది నాలుగున్నర. ఆ స్వరంతో కలిపి మెల్లగా రాగం తీశాను. చీలిన గొంతుకు కూడా అది హాయిగా ఉంది. నేను మూడు రోజులు నిలబడిన నేల అదే.

శృతి ఇస్తే అందులో కలవడం నాకు వచ్చు. ఇచ్చినది ఎన్నో శృతి అని ఉత్త చెవితో చెప్పడం నాకు రాదు. చాలామందికి రాదు. కథ చెప్పేవాళ్లు జనం వైపు తిరిగి ఉంటారు, హార్మోనియం వెనక ఉంటుంది. ఇంట్లో సాధకానికైతే నేను పెరట్లో, ఆయన లోపల. అంకె నేను చెప్పేదాన్ని, మెట్టు ఆయన పట్టేవాడు.

ఎప్పటి నుంచి అని అడిగాను. "నవమి కథల కాణ్ణించి అర తగ్గిచ్చినా. పెద్ద మద్దెల తెచ్చిన దినం ఇంగో అర" అన్నాడు. నాకెందుకు చెప్పలేదన్నాను.

"చెప్పింటే నోరు మూసుకోని ఇంట్లో కూచుండేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

తమ్ముడు తెగిన మృదంగాన్ని గుడ్డలో చుడుతూ తల ఎత్తలేదు. వాడికీ తెలుసు. పెద్ద మృదంగం కింది శృతికే పలుకుతుంది, దాన్ని మోసిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?

మరునాడు పొద్దున్నే ఊరిపెద్ద వచ్చాడు. ఐదో రోజు కథ మిగిలింది. "యా శృతైతే మాకేమిటికమ్మా. నాలుగో మూడో, నీకు చేతనైనంతలో చెప్పు. మాకు వాన కావాల" అన్నాడు. నాలుగున్నరలో చెప్పుదాం పాపా, నేను ఎడమచేత్తో వాయిస్తాను అన్నాడు నాయన. ఎత్తుకున్న శృతి వదిలి చెప్పనని నేను మొండికేశాను. గుడ్డలు మూట కట్టాను. ఊరిపెద్ద మమ్మల్ని తిట్టలేదు. బండి కట్టించి గోరంట్ల దాకా పంపాడు, దారి పొడుగునా బండివాడు మాతో మాట్లాడలేదు.

బస్సులో, హిందూపురం ఇంకా ఆరు మైళ్లుందనగా నాకు లెక్క తట్టింది. కథ ఎత్తుకున్నది నాలుగున్నరలో. మూడు రోజులు నడిచింది నాలుగున్నరలో. ఐదో రోజు నాలుగున్నరలో దించి ఉంటే నియమం తప్పేది కాదు. తప్పింది నేను ఐదున్నర పట్టిన నాలుగో రోజు ఒక్కటే. లెక్కలు రాసే మనిషిని, ఆ లెక్క వెయ్యలేకపోయాను. నాయనకు చెప్పాను. కిటికీలోంచి చూస్తూ, "ఆ మాట నిన్ననే చెప్పుదామనుకున్నా. నువ్వు వినే తావులో లేవు" అన్నాడు.

ఆ ఊరికి మళ్లీ పోలేదు. అక్కడ వాన ఎప్పుడు పడిందో, పడిందో లేదో, నా పుస్తకంలో లేదు.

డాక్టరు చెప్పిన మూడు నెలలు అప్పుడు మాట్లాడకుండా కూర్చున్నాను. ఆ మూడు నెలల్లో పుస్తకం దిద్దాను. తరవాత నాలుగున్నరలోనే, మైకులున్న ఊళ్లలో, పిలిచినప్పుడు చెప్పాను. నాయన 1966 ఫిబ్రవరిలో పోయాడు.

పోయినవి ఇవి. శృతిలో రెండు అరలు. అవి తిరిగి రాలేదు. మృదంగం మూట ఒకటి. ఐదు రోజుల కథలో ఒక రోజు. నేను ముగించని కథ అదొక్కటే. మార్చి 9 నుంచి ఆ ఊరి మూడో రోజు వరకు నేను ఐదున్నర అని రాసుకున్నవి నూట నలభై ఒకటి. అందులో నిజంగా ఐదున్నర నాలుగే. ఐదు శృతిలో జరిగినవి ఎనభై ఆరు, నాలుగున్నరలో జరిగినవి యాభై ఒకటి. అంటే నూట ముప్పై ఏడు చోట్ల ఎర్రసిరాతో అంకె మార్చాను. అయిదున్నరమ్మ అన్న పేరు ఒకటి. జనం ఇంకా పిలిచేవాళ్లు, నేను కాదనేదాన్ని. వెనక్కి చూడకుండా నిలబడి పాడే అలవాటు ఒకటి. ఆ తరవాత నాయన నా వెనక కూర్చుని యాభై ఎనిమిది కథలకు వాయించాడు. ప్రార్థనకు ముందు ప్రతిసారీ నేను వెనక్కి తిరిగేదాన్ని, ఆయన వేలు ఎక్కడుందో కనబడేటట్టు చెయ్యి కొంచెం పక్కకు జరిపేవాడు. యాభై ఎనిమిది సార్లూ చూశాను. యాభై ఎనిమిది సార్లూ చెప్పిన మెట్టు మీదే ఉంది.